నికెల్ కలిపిన బేరియం ఐరన్ ఆర్సెనైడ్‌లో స్పిన్ రెజొనెన్స్‌ను న్యూట్రాన్లతో కొలవడం ఎలా

అసాధారణ అతివాహకాల మీద పీహెచ్‌డీలో చేరినవాళ్లకు గైడ్ అప్పగించే తొలి న్యూట్రాన్ పని చాలాసార్లు ఇదే: రెజొనెన్స్ ఉందేమో చూసి రమ్మనడం. రెజొనెన్స్ అంటే, పదార్థం అతివాహకమయ్యాక ఒక నిర్దిష్ట శక్తి దగ్గర స్పిన్ (అయస్కాంత) ఉత్తేజాలు గుమిగూడి వచ్చే శిఖరం. చెప్పుకోవడానికి తేలిక పని. అతివాహక ఉష్ణోగ్రతకు (టీసీకి) కింద ఒకసారి, పైన ఒకసారి కొలిచి, మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేదే రెజొనెన్స్. చిక్కంతా ఆ తీసివేతలోనే ఉంది. మీరు వెతికే సంకేతం కంటే దానికింద ఉండే బ్యాక్‌గ్రౌండే తరచుగా పెద్దది. జిగురు, జరిగిన నమూనా, సరిగా చల్లబడని క్రిస్టల్, వీటిలో ఏది ఆ బ్యాక్‌గ్రౌండ్‌ను కదిలించినా లేని శిఖరం పుట్టుకొస్తుంది, లేదా ఉన్నది మాయమైపోతుంది.

ఈ శిఖరం కోసం ఇంత తంటా ఎందుకంటే, అతివాహక గ్యాప్ (ఎలక్ట్రాన్ జంటల బలాన్ని చెప్పే రాశి) గుర్తు గురించి, అంటే అది ధనమా రుణమా అన్నదాని గురించి, ఇది నేరుగా సమాచారం ఇస్తుంది. ఫెర్మీ తలం (ద్రవ్యవేగ అంతరాళంలో ఎలక్ట్రాన్లు నిండిన స్థితుల సరిహద్దు) మీద క్యూ (న్యూట్రాన్ నమూనాకిచ్చే ద్రవ్యవేగం) దూరంలో ఉన్న రెండు చోట్ల గ్యాప్ ఒకచోట ధనం, ఇంకోచోట రుణం అయితేనే ఆ క్యూ దగ్గర, రెండు గ్యాప్‌ల మొత్తం కంటే తక్కువ శక్తిలో, స్పిన్ ఉత్తేజం గుమిగూడుతుంది. గుర్తు మారకపోతే కోహెరెన్స్ ఫ్యాక్టర్ (ఆ రెండు చోట్ల గ్యాప్‌లను కలిపే గుణకం) దాన్ని చంపేస్తుంది. 1991లో రొసా-మిన్యో బృందం కాపర్ ఆక్సైడ్ వైబీసీఓలో దీన్ని 41 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల (ఇకపై ఎంఈవీ) దగ్గర చూసింది. ఇనుప అతివాహకాల్లో 2008లో పొటాషియం కలిపిన బేరియం ఐరన్ ఆర్సెనైడ్ పొడిలో 14 ఎంఈవీ దగ్గర కనపడింది. ఎస్ ప్లస్ మైనస్ గ్యాప్ (ఫెర్మీ తలం ముక్కల మధ్య గుర్తు మారే గ్యాప్) వాదనకు బలం వచ్చింది అక్కడినుంచే. గుర్తు మారకుండానే గ్యాప్ పైన ఒక వెడల్పాటి మూపు రావచ్చని వాదించేవాళ్లూ ఉన్నారు. అందుకే 'శిఖరం ఉంది' అంటే చాలదు. అది ఎంత సన్నంగా ఉంది, ఏ శక్తి దగ్గర ఉంది, టీసీ దగ్గర ఎలా మొదలవుతుంది అన్నవి కూడా చెప్పాలి.

పదార్థం ఎంపిక: కోబాల్ట్ కాదు, నికెల్

ఒకే కుటుంబంలో కోబాల్ట్ కలిపిన క్రిస్టల్స్ గురించే ఎక్కువ చదువుతారు. మొదటి ప్రయోగానికి మాత్రం నికెల్ కలిపినదే తీసుకోండి. ప్రామాణిక థర్మల్ న్యూట్రాన్లకు కోబాల్ట్ శోషణ 37 బార్న్‌లు (న్యూట్రాన్ తగిలే అవకాశాన్ని కొలిచే యూనిట్), నికెల్‌ది 4.5. అంతకంటే ముఖ్యం, బీమ్‌లో కూర్చున్న కోబాల్ట్ కోబాల్ట్-60గా మారుతుంది. దాని అర్ధాయువు 5.27 ఏళ్లు. మీ నమూనా మీ పీహెచ్‌డీ అయ్యేదాకా అక్కడి సీసం అలమరలోనే ఉండిపోయే అవకాశం ఉంది. నికెల్ నమూనాలో మొదటి రోజుల్లో బాధించేది ఆర్సెనిక్-76. అర్ధాయువు 26 గంటలు, పదకొండు రోజుల్లో వెయ్యో వంతుకు పడిపోతుంది.

బేరియం 1, ఇనుము 1.9, నికెల్ 0.1, ఆర్సెనిక్ 2 అనే కూర్పుకు టీసీ సుమారు 20 కెల్విన్. రెజొనెన్స్, ఎల్ (క్యూలో సీ అక్షం దిక్కు భాగం; హెచ్, కే మిగతా రెండు దిక్కులవి) బేసి సంఖ్య అయినచోట 7 ఎంఈవీ, ఎల్ = 0 దగ్గర 9 ఎంఈవీ చుట్టుపక్కల వస్తుంది. ఈ శక్తులు మామూలు థర్మల్ ట్రిపుల్ యాక్సిస్ స్పెక్ట్రోమీటర్‌కు (నమూనాకు ముందూ తర్వాతా న్యూట్రాన్ శక్తిని క్రిస్టల్స్‌తో ఎంచే యంత్రానికి) చక్కగా అందుతాయి.

క్రిస్టల్స్ పెంచడం

ముందుగా ఐరన్ ఆర్సెనైడ్, నికెల్ ఆర్సెనైడ్ విడివిడిగా చేసుకోవాలి. ఆర్సెనిక్ వాతావరణ పీడనం దగ్గర సుమారు 615 డిగ్రీల సెల్సియస్‌కే ఆవిరవుతుంది. లోహంతో కలవకముందే ఆ వేడికి తీసుకెళ్తే సీలు చేసిన క్వార్ట్జ్ గొట్టం పేలుతుంది. గంటకు 30 డిగ్రీలకు మించకుండా పెంచి, 500 దగ్గర ఒక రాత్రి ఆపి, తర్వాత పైకి వెళ్లండి. ఫర్నేస్ ఫ్యూమ్ హుడ్‌లోనే ఉండాలి. పగిలిన గొట్టంలోని తెల్లటి పొడి ఆర్సెనిక్ ఆక్సైడ్, విషం. దాన్ని చీపురుతో ఊడ్చకండి. తడి గుడ్డతో తీసి, ఆర్సెనిక్ వ్యర్థాల డబ్బాలో వేయండి.

ఇక పెంచడం. బేరియం ఒక పాలు, ఇనుము-నికెల్ ఆర్సెనైడ్ ఐదు పాళ్లు. ఎక్కువైన ఆర్సెనైడే ఫ్లక్స్‌గా (కరిగించే ద్రావకంగా) పనిచేస్తుంది. బేరియం 2.75 గ్రాములు, ఐరన్ ఆర్సెనైడ్ 12.42 గ్రాములు, నికెల్ ఆర్సెనైడ్ 0.67 గ్రాములు తీసుకుంటే లెక్క సరిపోతుంది. తూకం ఆర్గాన్ గ్లవ్‌బాక్స్‌లో వేయాలి, బేరియం గాలి తగిలిన నిమిషాల్లో నల్లబడుతుంది. అల్యూమినా క్రూసిబుల్‌లో పోసి, పైన క్వార్ట్జ్ ఊలు పెట్టి, దానిమీద ఇంకో క్రూసిబుల్ బోర్లించి, మూడో వంతు వాతావరణ పీడనం ఆర్గాన్‌తో క్వార్ట్జ్‌లో సీలు చేయండి. 1180 డిగ్రీల దగ్గర పది గంటలు ఉంచి, గంటకు 2.5 డిగ్రీల చొప్పున 1000 దాకా దింపితే మూడు రోజులు పడుతుంది. వేడిమీదే గొట్టాన్ని తలకిందులు చేసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ఫ్లక్స్ ఊలు దాటి కిందికి పోతుంది, పలకలు పైన మిగులుతాయి. దింపే వేగం పెంచితే పలకలు సన్నగా, పొరల మధ్య ఫ్లక్స్ ఇరుక్కుని వస్తాయి. ఆ ఇరుక్కున్న ఐరన్ ఆర్సెనైడ్ 70 కెల్విన్ దగ్గర తనంతట తానే అయస్కాంత క్రమంలోకి వెళ్తుంది. మీ అయస్కాంత సంకేతంలో దాని భాగం కలవకూడదంటే, పలక రెండు వైపులా బ్లేడుతో పొర లేపి, మెరిసే తలం కనిపించేదాకా శుభ్రం చేయాలి.

ఎక్కువమంది దాటేసే పని ఒకటుంది. *ప్రతి పలకకూ* స్క్విడ్ మాగ్నెటోమీటర్‌లో టీసీ కొలవండి. మొత్తం బ్యాచ్‌కు ఒకటి కాదు. క్రిస్టల్‌లోకి చేరే నికెల్ మీరు తూచి వేసినదానికంటే తక్కువ ఉంటుంది, ఒక బ్యాచ్‌లోదానికీ ఇంకో బ్యాచ్‌లోదానికీ తేడా వస్తుంది. ఈడీఎక్స్ లేదా డబ్ల్యూడీఎస్‌తో (ఎక్స్‌రేలతో మూలకాల పాళ్లు చూసే పద్ధతులతో) అసలు కూర్పు చూసి నోట్‌బుక్‌లో రాయండి. అతివాహకంగా మారే మార్పు ఒక కెల్విన్ కంటే వెడల్పుగా ఉన్న పలకను పక్కన పెట్టేయండి. టీసీ 17, 20 కెల్విన్‌ల పలకలు కలిసిపోతే, రెజొనెన్స్ ఎక్కడ మొదలైందో ఆ తర్వాత ఎంత కొలిచినా తెలియదు.

ఐదు గ్రాములు ఒకే దిక్కుకు

ఒక్కో పలక పదో వంతు గ్రాము నుంచి అర గ్రాము దాకా వస్తుంది. ఈ ప్రయోగానికి 5 గ్రాములు కావాలి, అంటే ఇరవై, ముప్పై పలకలు. పలకకు నిలువుగా ఉన్నది సీ అక్షం, దాన్ని కంటితోనే పెట్టొచ్చు. పలక తలంలో ఏ దిక్కు ఎటు ఉందన్నది ఎక్స్‌రే లావే (క్రిస్టల్ దిక్కు చూపే చుక్కల ఫొటో) తీసి చూడాలి. అంచులు తిన్నగా ఉన్నాయని వాటిని నమ్ముకోకండి. పలకల్ని అర మిల్లీమీటరు అల్యూమినియం రేకుల మీద అమర్చి, రేకుల్ని ఒకదానిమీద ఒకటి పేర్చండి. స్కాటరింగ్ తలంలో (1, 1, 0), (0, 0, 1) దిక్కులు రెండూ ఉండాలి, దీన్నే హెచ్‌హెచ్‌ఎల్ తలం అంటారు. అన్నీ పేర్చాక మొత్తం మొజాయిక్ (పలకల దిక్కుల్లో తేడా) మూడు డిగ్రీల లోపు వస్తే మంచి పనే.

అతికించే జిగురు విషయంలో ఒక చిన్న లెక్క చూడండి. హైడ్రోజన్ ఇన్‌కోహెరెంట్ స్కాటరింగ్ (అన్ని వైపులా చెదిరి బ్యాక్‌గ్రౌండ్‌గా మారేది) 80 బార్న్‌లు. మీ పదార్థం ఒక ఫార్ములా యూనిట్‌కు మొత్తం 1.6 బార్న్‌ల చుట్టూ ఉంటుంది. 5 గ్రాముల నమూనా అంటే 0.0125 మోల్. 50 మిల్లీగ్రాముల మామూలు జిగురులో 5 మిల్లీగ్రాముల హైడ్రోజన్ ఉందనుకుంటే అది 0.005 మోల్. గుణించి చూస్తే ఆ బొట్టు జిగురు, మొత్తం నమూనాకంటే ఇరవై రెట్ల ఇన్‌కోహెరెంట్ స్కాటరింగ్ ఇస్తుంది! అందుకే సూపర్ గ్లూ, వార్నిష్, టేపు ఏదీ వద్దు. సైటాప్ అనే ఫ్లోరిన్ పాలిమర్ వాడండి, ద్రావకం పూర్తిగా ఆరేదాకా ఆగండి. లేదా సన్నటి అల్యూమినియం తీగతో కట్టండి. స్క్రూలు, కడ్డీలు బీమ్‌కు కనపడేచోట కాడ్మియం రేకు చుట్టండి. కాడ్మియం విషం, చేతికి గ్లవ్స్ తప్పనిసరి.

బీమ్‌టైమ్ అడగడం

మన దేశంలో ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్ దగ్గర న్యూట్రాన్ స్పెక్ట్రోమీటర్లు ఉన్నాయి. విశ్వవిద్యాలయాలవాళ్లు యూజీసీ-డీఏఈ సీఎస్ఆర్ (విశ్వవిద్యాలయాలకు ఇలాంటి పెద్ద యంత్రాలు అందించే సంస్థ) ముంబై కేంద్రం ద్వారా అక్కడికి వెళ్తారు. హైదరాబాద్ నుంచైనా వైజాగ్ నుంచైనా మొదట అక్కడికి వెళ్లి మీ పలకల పేర్పును డిఫ్రాక్షన్‌తో పరీక్షించుకోవడం తెలివైన పని. రెజొనెన్స్ కొలతకు మాత్రం గ్రెనోబుల్‌లోని ఐఎల్ఎల్, ఓక్‌రిడ్జ్‌లోని 85 మెగావాట్ల హైఫర్ (హెచ్ఎఫ్ఐఆర్) లాంటి పరిశోధన రియాక్టర్ల దగ్గర ఉండే న్యూట్రాన్ ఫ్లక్స్ (న్యూట్రాన్ల ప్రవాహం) కావాలి. ఐఎల్ఎల్ ఏటా ఫిబ్రవరిలో, సెప్టెంబరులో ప్రపోజల్స్ తీసుకుంటుంది. రెండు పేజీల్లో సిద్ధాంతం వర్ణించడం కంటే నమూనా ఫొటో, బరువు, టీసీ గ్రాఫు, రాకింగ్ కర్వ్ (నమూనాను తిప్పుతూ కొలిచిన బ్రాగ్ శిఖరం) పెట్టండి. నమూనా చేతిలో ఉందని చూపించిన ప్రపోజల్‌కే ఎక్కువ అవకాశం. ఎన్ని రోజులు కావాలో ఎందుకో పాయింట్ల లెక్కతో రాయండి, ఆ లెక్క కింద ఉంది. పంపేముందు ఆ యంత్రం చూసే శాస్త్రవేత్తకు, అంటే మీ లోకల్ కాంటాక్ట్ అయ్యేవారికి, ఒక ఈమెయిల్ రాయడం మానకండి.

యంత్రం అమరిక

చెదిరిన న్యూట్రాన్ శక్తిని 14.7 ఎంఈవీ (తరంగ సంఖ్య 2.662) దగ్గర స్థిరంగా పెట్టండి. మోనోక్రొమేటర్ (వచ్చే శక్తిని ఎంచేది), అనలైజర్ (చెదిరిన శక్తిని ఎంచేది) రెండూ పైరోలిటిక్ గ్రాఫైట్. నమూనాకూ అనలైజర్‌కూ మధ్య గ్రాఫైట్ ఫిల్టర్ ఉండాలి. సరిగ్గా ఈ శక్తి దగ్గరే ఆ ఫిల్టర్ సగం, మూడో వంతు తరంగదైర్ఘ్యాలను బాగా ఆపుతుంది. 14.7 అంకె అందరూ వాడడానికి కారణం అదే. శక్తి రిజల్యూషన్ ఎలాస్టిక్ (న్యూట్రాన్ శక్తి మారకుండా చెదిరే) స్థానం దగ్గర 1 ఎంఈవీ చుట్టూ వస్తుంది, 7 ఎంఈవీ శిఖరానికి చాలు.

గుర్తుల గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. చతురస్ర గుర్తింపులో (ఏ = 3.96 ఆంగ్‌స్ట్రామ్, సీ సుమారు 13.0) అయస్కాంత క్యూ (½, ½, ఎల్). పాత యాంటీఫెర్రో (పక్కపక్క స్పిన్‌లు ఎదురుగా తిరిగిన అయస్కాంత క్రమం) వ్యాసాల్లోని ఆర్థోరాంబిక్ గుర్తింపులో (ఏ సుమారు 5.6) అదే (1, 0, ఎల్). యంత్రానికి ఒక లాటిస్ ఇచ్చి ఇంకో గుర్తింపులో స్కాన్ వేస్తే ఖాళీ చోటుకు వెళ్లి గంటలు లెక్కపెడతారు. లాగ్‌బుక్ మొదటి పేజీలో ఏ గుర్తింపో పెద్ద అక్షరాలతో రాయండి.

ఎల్ ఎంత తీసుకోవాలి? 7 ఎంఈవీ దగ్గర వచ్చే న్యూట్రాన్ శక్తి 21.7, తరంగ సంఖ్య 3.236. (½, ½, 1) పొడవు 1.22 విలోమ ఆంగ్‌స్ట్రామ్, స్కాటరింగ్ కోణం 21 డిగ్రీలు. (½, ½, 3) పొడవు 1.83, కోణం 34.5. చిన్న కోణం దగ్గర నేరు బీమ్ గాలిలో చెదిరి డిటెక్టర్‌లోకి దూరుతుంది. ఎల్ = 3కి వెళ్తే ఇనుము ఫామ్ ఫ్యాక్టర్ (క్యూ పెరిగేకొద్దీ అయస్కాంత సంకేతం తగ్గే తీరు) వల్ల సంకేతం ఐదో వంతు తగ్గుతుంది గానీ బ్యాక్‌గ్రౌండ్ అంతకంటే ఎక్కువ పడిపోతుంది. కాబట్టి ఎల్ = 3 దగ్గర మొదలుపెట్టండి. ఎల్ = 1ని తర్వాత సరిచూసుకోవడానికి వాడండి.

నమూనాను (1, 1, 0), (0, 0, 4) బ్రాగ్ శిఖరాల మీద సరిచేయండి. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. యాంటీఫెర్రో క్రమం మిగిలి ఉందేమో చూడటానికి (½, ½, 3) దగ్గర ఎలాస్టిక్ స్కాన్ వేస్తారు. అది సరిగ్గా (1, 1, 6)లో సగం, ఆ శిఖరం న్యూక్లియర్‌గా అనుమతించినదే. సగం తరంగదైర్ఘ్యం కొంచెం లీకైనా అక్కడ శిఖరం కనపడుతుంది. 3 కెల్విన్‌లో, 150 కెల్విన్‌లో రెండుచోట్లా అంతే ఎత్తున ఉంటే అది లీకే. వేడికి పోతేనే అయస్కాంతం.

కొలత క్రమం

మొదట 3 కెల్విన్ దగ్గర (½, ½, 3) వద్ద 3 నుంచి 15 ఎంఈవీ దాకా అర ఎంఈవీ అడుగులతో శక్తి స్కాన్. అంటే 25 పాయింట్లు. అదే స్కాన్ 25 కెల్విన్ దగ్గర మళ్లీ. ఆ తర్వాత రెండు ఉష్ణోగ్రతల్లోనూ బ్యాక్‌గ్రౌండ్.

బ్యాక్‌గ్రౌండ్‌కు వేరే క్యూ ఎంచుకునేకంటే నమూనాను మాత్రం 25 డిగ్రీలు తిప్పండి. డిటెక్టర్ కోణం మారదు కాబట్టి గాలి, క్రయోస్టాట్ ఇచ్చే చెత్త అంతా అలాగే ఉంటుంది. ఎల్ = 3 నుంచి ఎటు తిప్పినా హెచ్ విలువ 0.18కో 0.73కో వెళ్లి అయస్కాంత కడ్డీకి (హెచ్ = ½ దగ్గర ఎల్ దిక్కున సాగే సంకేతానికి) దూరమవుతుంది. ఎల్ = 1 దగ్గర మాత్రం దిక్కు చూసి తిప్పాలి. 30 డిగ్రీలు సీ అక్షం వైపు తిప్పితే హెచ్ 0.33, బాగుంది. రెండో వైపు తిప్పితే 0.54, అంటే ఇంకా కడ్డీ మీదే ఉన్నారు. సంకేతాన్నే బ్యాక్‌గ్రౌండ్ అనుకుని తీసేస్తారు.

ఒక్కో పాయింట్ ఎంతసేపు? సంకేతం 100 కౌంట్లు, బ్యాక్‌గ్రౌండ్ 150 అనుకోండి. శిఖరం మీద 250, పక్కన 150, తేడా 100. దాని దోషం 250 + 150కి వర్గమూలం, అంటే 20. ఐదు సిగ్మా వచ్చింది. దీనికి మూడు నిమిషాలు పడితే 25 పాయింట్లు, రెండు చోట్లు, రెండు ఉష్ణోగ్రతలు కలిపి ఐదు గంటలు. టైమ్‌తో కాకుండా మానిటర్ (నమూనాకు ముందు వచ్చే న్యూట్రాన్లను లెక్కపెట్టే చిన్న డిటెక్టర్) కౌంట్‌తో నడపండి, రియాక్టర్ పవర్ ఊగినా ఇబ్బంది ఉండదు.

ఉష్ణోగ్రత మార్చిన ప్రతిసారీ (1, 1, 0), (0, 0, 4) మళ్లీ చూడండి. వేడి మారితే నమూనా కడ్డీ పొడవు మారుతుంది, నమూనా బీమ్‌లో కొద్దిగా లేస్తుంది లేదా దిగుతుంది. ఒక మిల్లీమీటరు జరిగినా తీసివేతలో అది కనిపిస్తుంది. థర్మామీటర్ చూపేది కోల్డ్ ఫింగర్ ఉష్ణోగ్రత, నమూనాది కాదు. నమూనా డబ్బాలో కొంచెం హీలియం వాయువు నింపి, చదివిన విలువ నిలబడ్డాక ఇరవై నిమిషాలు ఆగండి. జిగురుతో అంటించిన ఇరవై పలకల్లో చివరిది చల్లబడటానికి అంత పడుతుంది.

ఆ తర్వాతదే అసలు రుజువు. శక్తిని 7 ఎంఈవీ దగ్గర, క్యూని (½, ½, 3) దగ్గర నిలిపి 3, 8, 12, 15, 17, 18, 19, 20, 21, 23, 26, 30 కెల్విన్‌ల దగ్గర లెక్కపెట్టండి, ప్రతి పాయింట్ పది నిమిషాలు. మాగ్నెటోమీటర్ చూపిన టీసీ దగ్గరే గ్రాఫు విరగాలి. విరుపు లేకుండా మెల్లగా వాలితే మీరు చూస్తున్నది రెజొనెన్స్ కాదు. చివరగా 7 ఎంఈవీ దగ్గర హెచ్‌ను 0.2 నుంచి 0.8 దాకా స్కాన్ చేయండి. శిఖరం ½ మీద కూర్చోవాలి.

దొంగ శిఖరాలు

11.4 ఎంఈవీ దగ్గర, 18.4 ఎంఈవీ దగ్గర సన్నటి సూది లాంటిది కనిపిస్తే సంబరపడకండి. వచ్చే తరంగ సంఖ్య మూడింతలు, పోయేదాని నాలుగింతలతో సమానమయ్యేది 11.4 దగ్గర. రెండింతలు, మూడింతలతో సమానమయ్యేది 18.4 దగ్గర. అప్పుడు నమూనా ఎలాస్టిక్‌గా చెదరగొట్టినదే డిటెక్టర్‌కు చేరుతుంది. ఇవి కాక ఇంకో రకం దొంగ శిఖరం ఉంది, దానికి క్యురా-ఆక్స్ స్పూరియాన్ అని పేరు. అక్కడ మోనోక్రొమేటర్ లేదా అనలైజర్ ఇన్‌కోహెరెంట్‌గా చెదరగొట్టినది నమూనా బ్రాగ్ శిఖరంతో జతకడుతుంది. ఇవి ఉష్ణోగ్రతకు కదలవు, తీసివేతలో చాలావరకు పోతాయి. పోకపోతే చెదిరిన శక్తిని కొద్దిగా మార్చి మళ్లీ కొలవండి. నిజమైన ఉత్తేజం అదే ఎంఈవీ దగ్గర నిలుస్తుంది, దొంగది జరుగుతుంది.

ఫోనాన్ (క్రిస్టల్ జాలక కంపనం) అని అనుమానం వస్తే క్యూ పెంచి చూడండి. అయస్కాంత సంకేతం తగ్గుతుంది, ఫోనాన్ క్యూ వర్గంతో పెరుగుతుంది. పోలరైజ్డ్ న్యూట్రాన్లు (స్పిన్‌లు ఒకే దిక్కుకు ఉన్నవి) దీన్ని అనుమానం లేకుండా తేలుస్తాయి గానీ తీవ్రత పదో వంతుకు గానీ ఇంకా కిందికి గానీ పడిపోతుంది. దాన్ని రెండో ప్రపోజల్‌కు ఉంచుకోండి.

లెక్కలు కట్టడం

చెదిరిన శక్తి స్థిరంగా ఉంచి, మానిటర్‌తో లెక్కిస్తే ఒక మేలు ఉంది. మానిటర్ సామర్థ్యం వచ్చే తరంగ సంఖ్యకు విలోమంగా మారుతుంది, సూత్రంలోని తరంగ సంఖ్య నిష్పత్తి దానితో కొట్టుకుపోతుంది. మిగిలేది నేరుగా ఎస్ (నమూనా చెదరగొట్టే తీవ్రత). అయితే ఫిల్టర్ నమూనా తర్వాత ఉంది కాబట్టి మానిటర్ పైస్థాయి (సగం, మూడో వంతు తరంగదైర్ఘ్యాల) న్యూట్రాన్లను కూడా లెక్కపెడుతుంది. ఆ సవరణ పట్టిక యంత్రం దగ్గర ఉంటుంది, అడిగి తీసుకోండి.

ఎస్ నుంచి కై డబుల్ ప్రైమ్‌కు (పదార్థం అయస్కాంత స్పందనకు) వెళ్లడానికి బోస్ కారకంతో, అంటే ఒకటి మైనస్ ఎక్స్‌పొనెన్షియల్ ఆఫ్ మైనస్ (శక్తి బై కేటీ)తో, గుణించండి. 7 ఎంఈవీ, 25 కెల్విన్ దగ్గర ఇది 0.96, అంటే నాలుగు శాతం తేడా మాత్రమే. 100 కెల్విన్ దగ్గర 0.56, అక్కడ ఈ దిద్దుబాటు మరిస్తే గ్రాఫే తప్పు. ఈ గుణింపు బ్యాక్‌గ్రౌండ్ తీసేసిన తర్వాతే చేయాలి. ముందే చేస్తే బోస్ నియమం పాటించని బ్యాక్‌గ్రౌండ్‌నూ గుణించినట్టవుతుంది.

శిఖరం 7 ఎంఈవీ, టీసీ 20 కెల్విన్ అయితే వాటి నిష్పత్తి 4.1 కేబీ (కేబీ అంటే బోల్ట్జ్‌మన్ స్థిరాంకం). వ్యాసంలో ఈ అంకె రాసేముందు ఎల్ ఎంతో తప్పకుండా చెప్పండి. ఎల్ = 0 దగ్గరి 9.1 ఎంఈవీ తీసుకుంటే అదే నిష్పత్తి 5.3 అవుతుంది, చదివేవాళ్లు దాన్ని వేరే పదార్థంతో పోల్చి పొరబడతారు. రిజల్యూషన్‌ను కలిపి ఫిట్ చేయడానికి రెస్‌లిబ్ గానీ టాకిన్ గానీ, ఏ ప్రోగ్రామైనా సరిపోతుంది. సంపూర్ణ యూనిట్లు కావాలంటే అదే నమూనాలోని ఒక అకౌస్టిక్ ఫోనాన్‌ను బీమ్‌టైమ్‌లోనే ఒక గంట కొలిచి పెట్టుకోండి. ఇంటికొచ్చాక గుర్తొస్తే ఆ గంట మళ్లీ దొరకదు.

తిరిగి వచ్చేరోజు రేడియేషన్ విభాగం నమూనాను కొలుస్తుంది. ఆర్సెనిక్ చల్లారేదాకా, రెండు వారాలో మూడు వారాలో, దాన్ని అక్కడే ఉంచి కొరియర్‌లో పంపమని ముందే కాగితాలు నింపి రండి.